మూడుసార్లు ఓడిన మహావక్త: విలియం జెన్నింగ్స్ బ్రయన్



వక్తృత్వ పోటీకి పిల్లల్ని తయారుచేసేటప్పుడు మనం ముఖ్యంగా మూడు విషయాలు చెబుతాం. గొంతు చివరి వరుస దాకా వినిపించాలి, చూపు సభ మీద ఉండాలి, చెప్పేది మనసులోంచి రావాలి. ఈ మూడూ సంపూర్ణంగా వచ్చిన ఒక యువకుడు 1896లో అమెరికాలో ఒకే ఒక్క ప్రసంగంతో దేశాధ్యక్ష పదవికి అభ్యర్థి అయిపోయారు. అప్పటికి ఆయన వయసు 36 ఏళ్లు. పేరు విలియం జెన్నింగ్స్ బ్రయన్.

ఆయన ఆ పదవికి మూడుసార్లు పోటీ చేశారు, మూడుసార్లూ ఓడిపోయారు. అయినా ఆయన కోరిన సంస్కరణల్లో చాలావరకు తర్వాత చట్టాలయ్యాయి. పేదవాడి పక్షాన మాట్లాడిన మనిషికి ఎందరో పేదలే ఎందుకు ఓటు వేయలేదు? మాటకు అంత శక్తి ఉన్నప్పుడు అది ఎక్కడ ఆగిపోయింది? ఈ నెల జీవిత కథలో ఆ సంగతి చూద్దాం.

అమ్మ దగ్గర చదువు

బ్రయన్ 1860 మార్చి 19న ఇల్లినాయ్ రాష్ట్రంలోని సేలం అనే చిన్న ఊరిలో పుట్టారు. తండ్రి సైలస్ బ్రయన్ న్యాయమూర్తి. దైవభక్తి, రాజకీయాల మీద ఆసక్తి రెండూ ఉన్న మనిషి. పదేళ్లు వచ్చేవరకు బ్రయన్‌కు బడి అంటే ఇల్లే, టీచరంటే అమ్మే. తల్లి రోజూ పాఠం చదివించి, దాన్ని పైకి చెప్పించేవారు. చదివింది నలుగురి ముందు నిలబడి చెప్పడం అలా చిన్నప్పుడే అలవాటైంది.

అయితే ఆయన పుట్టుకతోనే గొప్ప వక్త అనుకుంటే పొరపాటు. చదువుకునే రోజుల్లో పాల్గొన్న మొదటి పోటీలో దాదాపు చివరి స్థానంలో నిలిచారు. మరుసటి ఏడాది మళ్లీ పేరిచ్చారు, ఆ తర్వాతా ఇచ్చారు. ఏడాదికి ఒక మెట్టు చొప్పున పైకి వచ్చారు. 1881లో ఇల్లినాయ్ కాలేజీలో తరగతిలో ప్రథముడిగా పట్టా అందుకున్నారు. ఆ తర్వాత షికాగోలో న్యాయశాస్త్రం చదివారు.

1884లో మేరీ బెయిర్డ్‌ను పెళ్లి చేసుకున్నారు. మేరీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పెళ్లయ్యాక ఆమె కూడా న్యాయశాస్త్రం చదివి, 1888లో న్యాయవాదిగా అర్హత సంపాదించారు. భర్త ప్రసంగాలకు కావలసిన సమాచారం వెతికి పెట్టడం, ఉత్తరాలు చూడడం, ప్రచారంలో వెంట తిరగడం అన్నీ చేశారు. వేదిక మీద కనిపించింది ఒక్కరే అయినా తెర వెనుక పని ఇద్దరిదీ.

1887లో ఈ కుటుంబం నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ పట్టణానికి మకాం మార్చింది. బ్రయన్ రాజకీయ జీవితానికి అక్కడే పునాది పడింది.

రైతు అప్పు, బంగారం లెక్క

నెబ్రాస్కా గోధుమ, మొక్కజొన్న పండే ప్రాంతం. ఆ రోజుల్లో అక్కడి రైతులు పీకల్లోతు అప్పుల్లో ఉన్నారు. భూమి తాకట్టు పెట్టి తూర్పు రాష్ట్రాల బ్యాంకుల నుంచి డబ్బు తెచ్చేవారు. పంట బాగా పండినా అప్పు తీరేది కాదు. ఎందుకో ఒక చిన్న లెక్కతో చూద్దాం. హైస్కూలు పిల్లలున్న ఇంట్లో వాళ్లతోనే చేయించవచ్చు.

బుషెల్ గోధుమల ధర ఒక డాలర్ ఉన్నప్పుడు ఒక రైతు 1000 డాలర్ల అప్పు చేశాడనుకుందాం. వడ్డీ సంగతి పక్కన పెడితే, అసలు తీర్చడానికి 1000 బుషెళ్లు అమ్మితే చాలు. కొన్నేళ్లకు ధర అర డాలర్‌కు పడిపోయింది. ఇప్పుడు అదే అప్పు తీర్చడానికి 2000 బుషెళ్లు కావాలి. కాగితం మీద అప్పు పెరగలేదు. కానీ రైతు చెమట లెక్కలో రెట్టింపైంది. నిజంగానే 1890ల నడిమికి వచ్చేసరికి అమెరికాలో గోధుమ ధర బుషెల్‌కు అర డాలర్ దగ్గరకు దిగిపోయింది.

ధరలు ఇలా పడిపోవడానికి బంగారు ప్రమాణం ఒక ముఖ్య కారణమని రైతులు నమ్మారు. 1873లో అమెరికా ప్రభుత్వం వెండి డాలర్ల ముద్రణను నాణేల చట్టంలోంచి తీసేసింది. ఆ తర్వాత డబ్బు విలువకు బంగారమే ఆధారమైంది. జనాభా పెరిగింది, పంటలు పెరిగాయి, ఫ్యాక్టరీలు పెరిగాయి. బంగారం మాత్రం ఆ వేగంతో పెరగలేదు. సరుకు ఎక్కువై డబ్బు తక్కువైతే సరుకు ధర పడిపోతుంది. అప్పిచ్చినవాడికి లాభం, అప్పు తెచ్చుకున్నవాడికి నష్టం.

దీనికి రైతులు కోరిన మందు వెండి. ఎవరు వెండి తెచ్చినా ప్రభుత్వ టంకశాల దాన్ని నాణేలుగా ముద్రించి ఇవ్వాలి, 16 ఔన్సుల వెండిని ఒక ఔన్సు బంగారంతో సమానంగా లెక్కించాలి. ఇదీ వాళ్ల డిమాండు. కానీ అప్పటి మార్కెట్‌లో ఒక ఔన్సు బంగారానికి సుమారు 30 ఔన్సుల వెండి వస్తోంది. అంటే ఈ పద్ధతి వస్తే డాలర్ విలువ తగ్గుతుంది, ధరలు పెరుగుతాయి. రైతుకు కావలసిందీ అదే, బ్యాంకర్ భయపడిందీ అదే.

ఈ కథతో మన రూపాయికీ సంబంధం ఉంది. అప్పట్లో రూపాయి వెండి నాణెం. 1893 జూన్‌లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ప్రజలు తెచ్చిన వెండిని నాణేలుగా ముద్రించి ఇవ్వడం ఆపేసింది. ప్రపంచ మార్కెట్‌లో వెండి ధర ఒక్కసారిగా కుప్పకూలింది. అమెరికాలో అప్పటికే మొదలైన ఆర్థిక సంక్షోభానికి ఇదీ తోడైంది. ఆ సంక్షోభంలో అక్కడ 500కు పైగా బ్యాంకులు మూతపడ్డాయి. లక్షలాది మంది పని కోల్పోయారు. 1894లో నిరుద్యోగులు గుంపులుగా వాషింగ్టన్‌కు నడిచి వెళ్లారు. 1895లో ఖజానాలో బంగారం అడుగంటితే, ప్రభుత్వం జె.పి. మోర్గాన్ వంటి బ్యాంకర్లను ఆశ్రయించి సుమారు 6.5 కోట్ల డాలర్ల బంగారం సమకూర్చుకోవలసి వచ్చింది. ప్రభుత్వం ఎవరిది, ప్రజలదా, బ్యాంకర్లదా అని ఊళ్లలో జనం కోపంగా అడగడం మొదలుపెట్టారు.

షికాగోలో ఆ ఒక్క రోజు

బ్రయన్ 1890లో ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. 1892లో మళ్లీ గెలిచారు. ధనవంతుల ఆదాయం మీద పన్ను వేయాలని, వెండి నాణేలు తేవాలని సభలో వాదించారు. ఆదాయపు పన్ను చట్టం 1894లో వచ్చింది కానీ, మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది.

1896 జులై 9న షికాగోలో డెమొక్రాటిక్ పార్టీ మహాసభ జరుగుతోంది. మైకులు లేని కాలం. హాలు నిండా వేలాది మంది. ఆ విషయం మీద అప్పటికే కొందరు మాట్లాడారు. ఒకరి మాట వినపడలేదు, మరొకరి మాట రుచించలేదు. చివరి వక్తగా బ్రయన్ లేచారు. ఆ గొంతు చివరి వరుస దాకా స్పష్టంగా చేరింది.

ఆ రోజు ఆయన చేసిన గొప్ప పని ఒక పదానికి అర్థం మార్చడం. అప్పటివరకు వ్యాపారవేత్త అంటే నగరంలో పెద్ద ఆఫీసు ఉన్న ధనవంతుడే. ఆ అర్థం చాలా ఇరుకైనదని బ్రయన్ వాదించారు. కూలికి వెళ్లే కార్మికుడు, పల్లె కూడలిలో కొట్టు నడిపే మనిషి, ఎండలో దున్నే రైతు, భూమి లోతుల్లో దిగే గని కార్మికుడు కూడా అంతే వ్యాపారవేత్తలని చెప్పారు. పైనున్నవాళ్లు బాగుపడితే కిందికి కొంత కారుతుందని నమ్మేవాళ్లు ఒక పక్క, సామాన్యులు బాగుపడితే ఆ సంపద పైవాళ్లందరికీ చేరుతుందని నమ్మేవాళ్లు మరో పక్క ఉన్నారని దేశం ముందు రెండు దారులు పెట్టారు. చివర్లో శ్రమజీవిని బంగారపు శిలువకు కొట్టే దృశ్యాన్ని కళ్లకు కట్టి, తన రెండు చేతులూ చాచి శిలువలా నిలబడిపోయారు.

కొన్ని క్షణాలు హాలంతా నిశ్శబ్దం. తర్వాత ఒక్కసారిగా కేకలు, చప్పట్లు. టోపీలు గాలిలోకి లేచాయి. జనం ఆయన్ని భుజాల మీద ఎత్తుకున్నారు. మర్నాడు ఐదో విడత ఓటింగ్‌లో ఆయన అధ్యక్ష అభ్యర్థిగా ఎంపికయ్యారు. రైతుల పాపులిస్టు పార్టీ కూడా కొద్ది రోజుల్లో ఆయన్నే అభ్యర్థిగా ప్రకటించింది.

ఈ ప్రసంగం ఆశువుగా వచ్చింది కాదు. అందులోని వాదనలను, మాటలను బ్రయన్ అంతకు ముందు ఎన్నో చిన్న సభల్లో వాడి, పదును పెట్టుకున్నారు. అదృష్టం ఆ రోజు తలుపు తట్టింది, నిజమే. తలుపు తీయడానికి ఆయన ఏళ్ల తరబడి సిద్ధమయ్యారు.

రైలు ఒక పక్క, వరండా మరో పక్క

ప్రత్యర్థి రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి విలియం మెకిన్లీ. ఒహాయో రాష్ట్రానికి గవర్నర్‌గా పనిచేసిన మనిషి, అంతర్యుద్ధంలో పోరాడిన సైనికుడు, నెమ్మదస్తుడు. ఇద్దరి ప్రచారాలకూ పొంతనే లేదు.

బ్రయన్ దగ్గర డబ్బు లేదు, గొంతు ఉంది. అందుకని రైలెక్కారు. సుమారు 18,000 మైళ్లు తిరిగి, 27 రాష్ట్రాల్లో 600 దాకా ప్రసంగాలు చేశారు. చాలాచోట్ల రైలు ఆగిన కాసేపట్లోనే వెనక పెట్టె మీద నిలబడి మాట్లాడేవారు. సుమారు 50 లక్షల మంది ఆయన్ని విన్నారని అంచనా. అప్పటిదాకా అధ్యక్ష అభ్యర్థులు సాధారణంగా ఇలా ఊరూరా తిరిగి ఓటు అడిగేవారు కాదు, అది హోదాకు తక్కువని భావించేవారు. మన ఎన్నికల్లో పాదయాత్రలు, రోడ్డు షోలు చూసి పెరిగిన మనకు ఆ సంకోచం వింతగా అనిపిస్తుంది.

మెకిన్లీ ఇల్లు కదల్లేదు. కాంటన్ పట్టణంలోని తన ఇంటి వరండాలోనే నిలబడ్డారు. జనమే ఆయన దగ్గరకు వచ్చారు. రైల్వే కంపెనీలు టికెట్ ధరలు తగ్గించాయి. కార్మికులు, వర్తకులు, మాజీ సైనికులు బృందాలుగా దిగేవారు. ఆ కొద్ది నెలల్లో సుమారు 7.5 లక్షల మంది ఆ వరండా ముందు నిలబడ్డారు. ఏ బృందం ఏం మాట్లాడుతుందో ముందే చూసుకునేవారు, దానికి తగ్గట్టు మెకిన్లీ జవాబిచ్చేవారు. అక్కడ నోరు జారడానికి అవకాశమే లేదు.

వెనుక సూత్రధారి మార్క్ హన్నా అనే పారిశ్రామికవేత్త. బ్యాంకుల నుంచి, పెద్ద కంపెనీల నుంచి పద్ధతి ప్రకారం చందాలు వసూలు చేశారు. స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ ఒక్కటే 2.5 లక్షల డాలర్లు ఇచ్చింది. మొత్తం సుమారు 35 లక్షల డాలర్లు పోగయ్యాయి. బ్రయన్ పక్షానికి వచ్చింది అందులో చిన్న భాగమే. ఆ డబ్బుతో రిపబ్లికన్లు కోట్ల కొద్దీ కరపత్రాలు వేయించారు. ఇంగ్లీషుతో పాటు జర్మన్ వంటి వలస కుటుంబాల భాషల్లోనూ అచ్చు వేయించి ఇంటింటికీ పంచారు.

మాటలు కాస్తా ఈటెలైన వేళ

ఎన్నిక దగ్గర పడేకొద్దీ రెండు వైపులా భాష వేడెక్కింది. న్యూయార్క్‌కు ప్రసంగానికి బయల్దేరేముందు బ్రయన్ ఆ ప్రాంతాన్ని శత్రు దేశంతో పోల్చారు. మాట్లాడేటప్పుడు అది ఊపులో వచ్చిన మాటే కావచ్చు. కానీ తూర్పు రాష్ట్రాల పత్రికలు దాన్ని వదల్లేదు. సగం దేశాన్ని శత్రువుగా చూసే మనిషి మొత్తం దేశానికి అధ్యక్షుడెలా అవుతాడని అడిగాయి.

ఆగస్టు 12న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సభ. ఉడికిపోతున్న వేసవి రాత్రి. తనను ఆవేశపరుడని, అరాచకవాదని అంటున్నారు కాబట్టి, ఈసారి జాగ్రత్తగా ఉండాలని బ్రయన్ అనుకున్నారు. ప్రసంగం మొత్తం కాగితం మీద రాసుకొచ్చి చదివారు. దాదాపు రెండు గంటల చదువు. మహావక్తను విందామని వచ్చిన జనం మధ్యలోనే లేచి వెళ్లిపోవడం మొదలుపెట్టారు. గ్రామీణ ప్రాంతాల్లో ఆయన్ని గెలిపించిన శైలి నగరాన్ని భయపెట్టింది. నగరం కోసం మార్చుకున్న శైలి ఎవరినీ కదిలించలేదు.

రెండో వైపు కూడా తక్కువ తినలేదు. బ్రయన్ వర్గాల మధ్య చిచ్చు పెడుతున్నాడన్నవాళ్లే, ఆయన అనుచరులను ఫ్రెంచి విప్లవంలో తలలు నరికించిన నాయకులతో పోల్చారు. న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆయన మానసిక స్థితి మీదనే అనుమానం రేకెత్తించే రాతలు ప్రచురించింది. కొన్ని ఫ్యాక్టరీల్లో యజమానులు, బ్రయన్ గెలిస్తే మర్నాడు పనికి రావక్కర్లేదని కార్మికులకు చెప్పారని ఫిర్యాదులు వచ్చాయి. అక్టోబర్ 31న జాతీయ జెండాలు పట్టుకుని లక్ష మందికి పైగా న్యూయార్క్ వీధుల్లో ఊరేగారు. జెండా అందరిదీ అయినా, ఆ రోజు అది ఒక పక్షం గుర్తులా మారిపోయింది.

కార్మికుడు ఎందుకు కలిసిరాలేదు?

1896 నవంబర్ 3న పోలింగ్ జరిగింది. ఓటు హక్కు ఉన్నవాళ్లలో దాదాపు 80 శాతం మంది వచ్చి ఓటేశారు. మెకిన్లీకి సుమారు 71 లక్షల ఓట్లు, బ్రయన్‌కు సుమారు 65 లక్షల ఓట్లు వచ్చాయి. ఎలక్టోరల్ ఓట్లు 271, 176. అంతకు ముందు ఏ ఎన్నికలోనూ గెలిచిన అభ్యర్థికి కూడా బ్రయన్‌కు వచ్చినన్ని ఓట్లు రాలేదు. అయినా ఆయన ఓడిపోయారు. దక్షిణాది, పశ్చిమ రాష్ట్రాల్లో ఎక్కువ భాగం ఆయన వెంట నిలిచింది. ఫ్యాక్టరీలున్న ఈశాన్య రాష్ట్రాల్లో ఒక్కటీ దక్కలేదు.

బెదిరింపులు, డబ్బు ప్రభావం చూపాయి. కానీ అప్పటికి చాలా రాష్ట్రాల్లో రహస్య ఓటింగ్ వచ్చేసింది, యజమాని పెట్టెలోకి తొంగి చూడలేడు. అసలు కారణం లెక్కలోనే ఉంది. ధరలు పెరిగితే అప్పున్న రైతుకు మేలు. నగరంలో కూలి డబ్బుతో రొట్టె కొనుక్కునే కార్మికుడికి ధరలు పెరిగితే ముందు కడుపు మాడుతుంది, కూలి పెరిగేది ఎప్పుడో. బ్రయన్ తన ప్రసంగంలో రైతునూ కార్మికుడినీ పక్కపక్కనే నిలబెట్టారు. వాళ్ల వంటింటి లెక్కలు మాత్రం వేరు. మెకిన్లీ కార్మికుడితో ఫ్యాక్టరీ నడవడం గురించి, కూలి డాలర్ విలువ నిలబడడం గురించి మాట్లాడారు. యజమాని బాగుంటేనే కార్మికుడు బాగుంటాడన్నారు. ఆ మాట నిజమా కాదా అని వాదించవచ్చు. కానీ అది కార్మికుడి రోజువారీ భయానికి జవాబు చెప్పింది.

వలస వచ్చిన కుటుంబాలకూ ఇంకో ఇబ్బంది కలిగింది. బ్రయన్ మాటల్లో పల్లె పుణ్యభూమిలా, నగరం దాని మీద బతికేదిలా వినిపించేది. ప్రొటెస్టెంట్ చర్చి ప్రవచనంలా సాగే ఆ ధోరణి నగరాల్లోని కాథలిక్ కుటుంబాలకు పరాయిగా తోచింది.

ఆ చివరి వారాల్లో మరో విశేషం జరిగింది. ఇండియా వంటి దేశాల్లో పంటలు దెబ్బతినడంతో ప్రపంచ మార్కెట్‌లో గోధుమ ధర లేచింది. ధర పెరగాలంటే వెండి రావాల్సిందే అన్న బ్రయన్ వాదన బలం కొంత తగ్గిపోయింది. ఇక్కడ 1896–97లో పెద్ద కరువు వచ్చి, రాయలసీమ జిల్లాలు కూడా అల్లాడాయి. మన దగ్గర ఆకలి, అక్కడ ధర. ఒక మూల కష్టం మరో మూల లెక్కను ఎలా మారుస్తుందో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ దొరకదు.

ఫలితం తేలగానే బ్రయన్ మెకిన్లీకి అభినందన టెలిగ్రాం పంపారు. ఓడిన అధ్యక్ష అభ్యర్థి గెలిచినవారిని అలా అభినందించే ఆచారం దానితోనే మొదలైందని చెబుతారు. అన్ని నెలల దూషణల తర్వాత చేసిన ఆ చిన్న పని ఆయన జీవితంలో గుర్తుంచుకోదగ్గది.

ఓటమి తర్వాత

కొద్ది ఏళ్లకే అలాస్కా సరిహద్దు ప్రాంతాల్లో, దక్షిణాఫ్రికాలో కొత్త బంగారం దొరికింది. డబ్బు సరఫరా పెరిగింది, పంటల ధరలూ కోలుకున్నాయి. రైతుకు కావలసింది వెండి ద్వారా కాకుండా బంగారం ద్వారానే వచ్చింది. రైతు చెప్పుకున్న నొప్పి నిజమే. సూచించిన మందే వేరు.

1900లో బ్రయన్ మళ్లీ మెకిన్లీ చేతిలో ఓడారు. ఈసారి ఫిలిప్పీన్స్‌ను ఆక్రమించుకోవడం తప్పని వాదించారు. 1908లో విలియం టాఫ్ట్ చేతిలో మూడోసారి ఓడారు. మధ్యలో 1901 నుంచి సొంత పత్రిక నడిపారు, దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చారు.

ప్రపంచ యాత్రలో భాగంగా 1906లో ఆయన మన దేశానికి వచ్చారు. ఇక్కడి పేదరికం చూసి, బ్రిటిష్ పాలన ప్రజలకు మేలు చేస్తోందన్న ప్రచారాన్ని తప్పుపడుతూ ఘాటైన వ్యాసం రాశారు. అమెరికాలో మన స్వాతంత్ర్యం కోసం పనిచేసిన గదర్ పార్టీ తర్వాత ఆ వ్యాసాన్ని పంచింది.

1913లో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఆయన్ని విదేశాంగ మంత్రిగా నియమించారు. సెనేటర్లను ప్రజలే నేరుగా ఎన్నుకునే రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చినట్టు ఆ ఏడాది ప్రకటించింది బ్రయనే. ఆ డిమాండు కోసం ఆయన ఏళ్ల తరబడి పోరాడారు. ఆదాయపు పన్ను సవరణ కూడా 1913లోనే వచ్చింది. మహిళల ఓటు హక్కు 1920లో వచ్చింది. 1908లో ఆయన ప్రచారం చేసిన బ్యాంకు డిపాజిట్ల భద్రత 1933లో, ఆయన పోయాక, చట్టమైంది. మొదటి ప్రపంచ యుద్ధంలోకి దేశం జారిపోతోందన్న ఆందోళనతో 1915 జూన్‌లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. నమ్మిన దాని కోసం కుర్చీ వదులుకున్నారు.

ఆయన మాట చేరని వాళ్లు

గొప్పవాళ్ల కథ పిల్లలకు చెప్పేటప్పుడు మచ్చలు దాచకూడదు. బ్రయన్ సామాన్యుల పక్షమని పేరు పొందారు. కానీ ఆయన చెప్పే సామాన్యుల్లో నల్లజాతి ప్రజలకు చోటు లేదు. సరిగ్గా ఆ ఏళ్లలోనే మిసిసిపీ, దక్షిణ కరోలినా, లూసియానా వంటి రాష్ట్రాలు కొత్త రాజ్యాంగాలు రాసుకుని నల్లవారి ఓటు హక్కును ఊడబెరికాయి. ఆ రాష్ట్రాలు బ్రయన్ పార్టీకి కంచుకోటలు. ఆయన వాటిని ఎదిరించలేదు. 1924లో పార్టీ మహాసభలో జాత్యహంకార సంస్థ కు క్లక్స్ క్లాన్‌ను పేరు పెట్టి ఖండించాలన్న తీర్మానం వస్తే, పార్టీ చీలిపోతుందని దాన్ని వ్యతిరేకించారు. ఆ తీర్మానం వెంట్రుకవాసిలో వీగిపోయింది. బంగారం మీద గర్జించిన గొంతు అక్కడ తగ్గింది.

1925లో టెన్నెసీ రాష్ట్రంలోని డేటన్‌లో, బడిలో పరిణామ సిద్ధాంతం బోధించాడని ఒక యువ ఉపాధ్యాయుడి మీద కేసు నడిచింది. బ్రయన్ ఆ బోధనకు వ్యతిరేకంగా వాదించారు. బలవంతుడిదే బతుకు అనే ఆలోచన పేదల్ని తొక్కడానికి, యుద్ధాలకు సాకు అవుతుందని ఆయన భయం. భయంలో మానవత్వం ఉంది. కానీ దానికి సైన్సు పాఠాన్ని ఆపడం పరిష్కారం కాదు. ఎదుటి పక్షాన నిలిచిన న్యాయవాది క్లారెన్స్ డారో, 1896లో బ్రయన్‌కు మద్దతిచ్చిన మనిషే. డారో అడిగిన ప్రశ్నలకు మహావక్త తడబడ్డారు. విచారణ ముగిసిన ఐదు రోజులకు, జులై 26న, మధ్యాహ్నం నిద్రలోనే బ్రయన్ కన్నుమూశారు.

పిల్లలతో మాట్లాడేటప్పుడు

బ్రయన్ కథలో గెలుపు సూత్రం వెతకక్కర్లేదు. ఎవరి కష్టాన్నీ ఎవరూ పట్టించుకోని రోజుల్లో, రైతు కష్టానికి ఆయన మాట గౌరవం తెచ్చింది. అదే మాట దేశాన్ని మనం, వాళ్లు అని విడదీసింది. తన పక్షాన ఉండాల్సిన కార్మికుడి భయాన్ని ఆయన అడిగి తెలుసుకోలేదు, నల్లజాతి మనిషిని చూడనే లేదు. బాగా మాట్లాడడం మన పిల్లలకు నేర్పుతున్నాం. ఎదుటివాళ్ల ఇంటి లెక్క ఏమిటో అడగడం, వినడం కూడా అంతే శ్రద్ధగా నేర్పాలి.

ఈ నెల ఇంట్లో భోజనాల దగ్గర ఈ ప్రశ్నలు వేసి చూడండి:

ధరలు పెరిగితే మన ఇంట్లో ఎవరికి లాభం, ఎవరికి నష్టం? ఊళ్లో వ్యవసాయం చేసే తాతయ్య జవాబూ, నగరంలో జీతం మీద బతికే నాన్న జవాబూ ఒకటేనా?

టీవీలో ఒక నాయకుడి ప్రసంగం విన్నాక, అందులో ఎవరి గురించి మాట్లాడారు, ఎవరి గురించి అసలు మాట్లాడలేదు?

క్లాస్ లీడర్ ఎన్నికలో ఓడిపోతే, గెలిచిన స్నేహితుడితో మొదట ఏం మాట్లాడతావు?

జవాబులు మీరు చెప్పేయకండి. ముందు వాళ్లను చెప్పనివ్వండి.